సంచి బరువు దారే చెబుతుంది

అలిపిరి దగ్గర, మెట్లు మొదలయ్యే చోట, దేవస్థానం వారి సామాను కౌంటరు ఒకటి ఉంటుంది. బ్యాగు అప్పగించి చీటీ పుచ్చుకుంటే చాలు, అది ఘాట్ రోడ్డున బండెక్కి కొండ మీదికి చేరుతుంది. పైసా తీసుకోరు. అక్కడ ఓ పావుగంట ఊరికే నిలబడి చూడండి. సూట్‌కేసుల సంగతి సరే, తువ్వాలూ దువ్వెనా తప్ప ఏమీ లేని చేతిసంచిని కూడా మనవాళ్లు కౌంటర్లో పడేసి, చేతులు దులుపుకుని, గోవిందా అంటూ నడక మొదలుపెడతారు. 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. మోకాళ్ల పర్వతం దగ్గరికి వచ్చేసరికి చేతిలో ఉన్న ప్రతి వస్తువూ పేరుపేరునా గుర్తొస్తుందని ఒక్కసారి ఎక్కినవాళ్లకైనా తెలుసు.

ఇంత తెలిసిన ఇంట్లో పుట్టిన కుర్రాడే, ఉద్యోగంలో చేరి నాలుగు డబ్బులు కూడాక, స్నేహితులతో హిమాలయాల్లో ట్రెక్కింగ్ అనగానే అదంతా మరిచిపోతాడు. అరవై లీటర్ల సంచి కొంటాడు. కొన్నాక అది ఖాళీగా కనబడితే మనసొప్పదు కాబట్టి నింపుతాడు. ఆ కుర్రాణ్ణి నేనే. నా మొదటి ట్రెక్కు ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ, డిసెంబరులో. సికింద్రాబాద్ స్టేషన్‌కు సాగనంపడానికి వచ్చిన మా బావ సంచి ఒకసారి ఎత్తి చూసి, “ఏందిరా, అక్కడ కాపురం పెట్టబోతున్నవా?” అన్నాడు. పదహారు కిలోలు. రెండు జీన్సు ప్యాంట్లు, స్టీలు ఫ్లాస్కు, గాజు సీసాలో ఆవకాయ, రెండు టార్చిలైట్లు, చదవని నవల ఒకటి. ఆరు రోజుల తర్వాత ఇంటికొచ్చి విప్పితే సగం బట్టల మడత కూడా నలగలేదు. ఆవకాయ మాత్రం అడుగంటింది. అదొక్కటే సరైన ఎంపిక.

అప్పట్నుంచి ఎవరైనా “ఏ బ్యాగు కొనమంటారు?” అని అడిగితే, “ఎక్కడికి పోతున్నావు, ఎన్ని మజిలీలు?” అని ఎదురు అడగడం అలవాటైంది. సంచిలో ఏముండాలో దుకాణం చెప్పలేదు. రాత్రి ఎంత చలి, నీళ్లు ఎంత దూరం, చీకటి పడేలోపు ఎక్కడికి చేరతాం అన్న మూడు సంగతులు తెలిస్తే సంచిలో వస్తువుల జాబితా తనంతట తానే కుదురుకుంటుంది. అవి తెలియనప్పుడు భయం ఆ జాబితా రాస్తుంది. భయానికి తూకం తెలియదు.

ఒళ్లు కట్టే లెక్క

బరువు మోస్తూ నడిచే మనిషి ఎంత శక్తి ఖర్చుపెడతాడన్నది మొదట సైన్యాలకు కావలసిన లెక్క. అమెరికాలో నేటిక్ అనే ఊళ్లో ఉన్న సైనిక పరిశోధనశాల నుంచి పాండాల్ఫ్, ఆయన సహచరులు 1977లో ఒక సూత్రం ప్రకటించారు. మనిషి బరువు, మోత బరువు, నడక వేగం, ఎక్కుడు ఎంత వాలు, నేల గట్టిదా మెత్తదా అన్నవి అందులో వేస్తే ఖర్చయ్యే శక్తి వాట్లలో వస్తుంది. నేను నా లెక్క వేసి చూశాను. 70 కిలోల మనిషి, కాస్త గరుకు దారి, నూరు మీటర్లకు పది మీటర్ల ఎక్కుడు, గంటకు 4 కిలోమీటర్ల నడక. వీపున 16 కిలోలుంటే దాదాపు 700 వాట్లు. 8 కిలోలైతే 640కి కాస్త అటూఇటూ.

తేడా తొమ్మిది శాతమే! బరువు సగానికి సగం తగ్గించినా ఇంతేనా అనిపిస్తుంది. ఆరు గంటల నడకకు మిగిలేది మూడు వందల పైచిలుకు కిలోకేలరీలు, అంటే రెండు గుప్పెళ్ల పల్లీలు. కారణం తేలికే. మోతలో పెద్ద వాటా మన ఒళ్లే. 70 కిలోల దేహాన్ని కొండెక్కించే ఖర్చు ముందు సంచి ఖర్చు చిన్నది. ‘తేలిక సంచితో ఎగిరిపోవచ్చు’ అని ఊరించే ప్రకటనలను ఈ లెక్క కాస్త నేలమీదికి దించుతుంది.

అయితే సూత్రం చెప్పనివి కొన్ని ఉన్నాయి. దిగేటప్పుడు మోకాలి మీద పడే దెబ్బ, సాయంత్రానికి బరువుతో కాలు తూలి మడమ మెలిపడే అవకాశం, భుజం పట్టీ కింద తిమ్మిరి, విసుగు. ట్రెక్కు మధ్యలో మానేసి దిగిపోయేవాళ్లను గమనిస్తే, వాళ్లకు తిండి శక్తి చాలకపోవడం అరుదు. మోకాలో, బొబ్బలెక్కిన పాదమో ముందు చేతులెత్తేస్తుంది.

పాదం దగ్గర లెక్క పూర్తిగా వేరు. బరువును ఎక్కడ పెడితే ఎంత ఖర్చు అని 1969లో సూల్, గోల్డ్‌మన్ కొలిచారు. పాదానికి కట్టిన కిలో, ఒంటికి కట్టిన కిలోకంటే నాలుగు నుంచి ఆరు రెట్లు ఎక్కువ ఖర్చు చేయిస్తుందని తేలింది. వీపు మీది బరువు ఒకే వేగంతో సాగిపోతుంది. పాదం అలా కాదు, ప్రతి అడుగుకూ ఆగి, లేచి, ముందుకు దూకి, మళ్లీ ఆగుతుంది. ఆ ఊపు ఇవ్వడానికీ ఆపడానికీ కండరం రెండుసార్లు ఖర్చుపెట్టాలి. జత 1,300 గ్రాములుండే తోలు బూట్ల బదులు 600 గ్రాముల స్పోర్ట్స్ షూ వేసుకుంటే మిగిలే 700 గ్రాములు వీపు మీద మూడు కిలోల పైచిలుకు దించినంత. మంచు లేని దారికి, పట్టు ఉన్న అట్ట గల మామూలు పరుగుబూట్లు చాలు. డబ్బు తక్కువ, బరువు తక్కువ, తడిస్తే త్వరగా ఆరతాయి. మంచులో మాత్రం ఈ మాట వినకండి. అక్కడ వేళ్లు మొద్దుబారితే ఏ లెక్కా మిగలదు.

బరువు ఎక్కడ కూర్చుందన్నది మన పెద్దలకు బాగా తెలిసిన విద్య. కావడిబద్ద సంగతే తీసుకోండి. నడకతో పాటు వెదురు ఊగుతుంటే మోత తేలికైనట్టు అనిపిస్తుంది. నిజంగానే శక్తి మిగులుతుందా అని రాజర్ క్రామ్ అనే శాస్త్రవేత్త 1991లో ఊగే గొట్టాలతో పరీక్షించాడు. ఆక్సిజన్ ఖర్చేమీ తగ్గలేదు, వీపు సంచితో సమానమే. కానీ భుజం మీద ఒక్కసారిగా పడే ఒత్తిడి బాగా తగ్గింది. మనిషి అలసట ఊపిరితిత్తుల్లోనే పుట్టదు, భుజం చర్మం మీద కూడా పుడుతుంది. కావడి మోసినవాడు కొలిచి చెప్పలేకపోవచ్చు గాని, అతను చెప్పిన సుఖం అబద్ధం కాదు.

కెన్యాలో లువో, కికుయు స్త్రీలు తమ బరువులో అయిదో వంతు దాకా తలమీద పెట్టుకుని, ఖాళీగా నడిచినంత ఖర్చుతోనే నడుస్తారని 1986లో బయటపడింది. నేపాల్ కూలీలను 2005లో కొలిస్తే మగవాళ్లు సగటున తమ బరువులో 93 శాతం మోస్తున్నారు. నుదుటికి పట్టీ వేసి, నెమ్మదిగా, మాటిమాటికీ ఆగుతూ, రోజంతా. ఇది చిన్నప్పటి నుంచి అలవాటైన ఒళ్లు చేసే పని. వారాంతానికి కొండెక్కే మనం అనుకరించగలిగింది ఆ నెమ్మదిని, ఆ ఆగడాలను మాత్రమే. మన సంచికి నడుము పట్టీ ఉంటుంది. దాన్ని తుంటి ఎముక పైన బిగిస్తే మోతలో ఎక్కువ భాగం భుజాలను వదిలి కటి ఎముక మీదికి, అక్కడి నుంచి నేరుగా కాళ్లలోకి దిగుతుంది. నీళ్లు, తిండి లాంటి బరువైనవి వెన్నుకు ఆనేలా నడిమధ్యన పెట్టుకోవాలి. వెనక్కి పోయిన కొద్దీ అవి మనల్ని వెనక్కి లాగుతాయి, మనం ముందుకు వంగుతాం. ఇంతకంటే సంచి సర్దే శాస్త్రం పెద్దగా లేదు.

స్నానాల గది కర్టెనుతో

తేలిక ప్రయాణానికి ఆది గురువు ఎవరంటే నేను ఎమ్మా గేట్‌వుడ్ పేరే చెబుతాను. పదకొండు మంది పిల్లల తల్లి, అమెరికాలోని ఒహాయో పల్లెటూరి మనిషి. 1954లో అపలాచియన్ ట్రెయిల్ అనే నడకదారి మొదలుపెట్టి, మెయిన్ రాష్ట్రపు అడవుల్లో దారి తప్పి, కళ్లజోడు విరగ్గొట్టుకుని ఇంటికి తిరిగొచ్చింది. మరుసటేడు, 67 ఏళ్ల వయసులో, రెండో కొస జార్జియా నుంచి మళ్లీ బయల్దేరింది. చేత్తో కుట్టుకున్న డెనిమ్ గుడ్డ సంచి, సైనిక కంబళి, వాన వస్తే కప్పుకోవడానికి స్నానాల గది ప్లాస్టిక్ కర్టెను, కాళ్లకు మామూలు కాన్వాసు కెడ్స్. గుడారం లేదు. దాదాపు ఐదు నెలల్లో 3,300 కిలోమీటర్లు నడిచి ముగించింది. తర్వాత ఇంకో రెండుసార్లు నడిచింది.

ఈ కథను ‘సామాను లేకపోయినా ధైర్యం చాలు’ అని చెప్పేవాళ్లున్నారు. నాకలా అనిపించదు. ఆ దారిన అక్కడక్కడ చావడులున్నాయి. దారి పొడుగునా ఊళ్లున్నాయి. రాత్రి తలుపు తట్టి అడిగితే భోజనం పెట్టి పడుకోబెట్టిన ఇళ్లున్నాయి. ఆమె గుడారాన్ని వాళ్లు మోశారు. అదే సంచితో మన లడాఖ్‌లో, మనిషి జాడలేని లోయలో పడుకుంటే ఒక్క రాత్రి కూడా గడవదు.

ఆ తర్వాత విమాన, అంతరిక్ష రంగంలో ఇంజనీరుగా పనిచేసిన రే జార్డీన్, భార్య జెన్నీతో కలిసి సొంతంగా సంచులూ పైకప్పులూ కుట్టుకుని నడిచి, 1992లో పుస్తకం రాశాక ఈ పద్ధతికి ఒక శాస్త్రమంటూ ఏర్పడింది. తిండి, నీళ్లు, పొయ్యి ఇంధనం రోజురోజుకూ తరిగిపోయేవి కాబట్టి వాటిని పక్కన పెట్టి, మిగిలిన దాన్ని మూలబరువు అంటారు. అది పది పౌండ్లకు, అంటే నాలుగున్నర కిలోలకు లోపుంటే అల్ట్రాలైట్. నా పదహారు కిలోల్లో మూలబరువు పన్నెండు. ఇప్పుడు ఆరు. నాలుగున్నరకు తేవాలని పట్టుదల లేదు, అందుకు కావలసిన డబ్బూ లేదు.

నీళ్ల పేర్లున్న దారి

మజిలీ అన్న మాటే మనకు ఉండగా ‘డే వన్, డే టూ’ అని రాసుకోవడం ఎందుకో. చెన్నపట్నం సుప్రీంకోర్టులో పనిచేసిన ఏనుగుల వీరాస్వామి 1830 మే నెలలో కాశీకి బయల్దేరాడు. పల్లకీ, గుడారాలు, దాదాపు వందమంది పరివారం. తేలిక ప్రయాణానికి ఆయన ఉదాహరణ కానే కాదు. కానీ దారి రాసుకోవడంలో ఆయన్ని మించినవాడు లేడు. ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎంత దూరం, దారి రాయా రేగడా, నీటి వసతి ఉందా, అంగళ్లున్నాయా, దిగడానికి సత్రమో తోపో ఉందా అని మజిలీ మజిలీకీ దినచర్య రాశాడు. ‘కాశీయాత్ర చరిత్ర’ను నేటి ట్రెక్కరు యాత్రా సాహిత్యంగా కాక దారి పటంగా చదివితే, ఏ సమాచారం సేకరించాలో మొత్తం అందులోనే దొరుకుతుంది.

వీరాస్వామి ఆత్మకూరు వైపు నుంచే శ్రీశైలం వెళ్లాడు. శివరాత్రికీ ఉగాదికీ ఇప్పటికీ వేలమంది ఆ నల్లమల దారినే నడుస్తారు. ఆ దారి మజిలీల పేర్లు ఒకసారి పైకి చదవండి. వెంకటాపురం దాటాక నాగలూటి, అక్కడ గుడీ కోనేరూ. ఆ తర్వాత పెద్దచెరువు. ఆ తర్వాత మఠంబావి. ఆ తర్వాత భీముని కొలను. అక్కడి నుంచి మెట్లెక్కితే కైలాసద్వారం. కోనేరు, చెరువు, బావి, కొలను. ఆ దారి వేసినవాళ్లు ఊళ్లను కలుపుతూ వేయలేదు, నీళ్లను కలుపుతూ వేశారు. ఎండిన అడవిలో నడిచే మనిషికి ఏది ముఖ్యమో దారి పేర్లలోనే రాసిపెట్టారు.

ఎందుకంటే లీటరు నీళ్లు కిలో బరువు, దాన్ని ఏ కంపెనీ తేలిక చేయలేదు. రెండు నీటి జాగాల మధ్య ఎండలో నాలుగు గంటలు పడితే మనిషికి రెండు లీటర్లకు తక్కువ చాలవు. గంటకోసారి వాగు తగిలే హిమాలయ లోయలో ఒక లీటరు సీసా చాలు. అక్కడ కూడా మూడు లీటర్లు మోయడం, టైటానియం చెంచా కొని ఇరవై గ్రాములు మిగిల్చానని మురవడం నేను ఒకే మనిషిలో చూశాను. నీళ్లకు బరువైన స్టీలు సీసా వద్దు. పాతిక ముప్ఫై గ్రాముల మామూలు ప్లాస్టిక్ లీటరు సీసాలు రెండు తీసుకుంటే, ఒకటి ఖాళీగా ఉన్నప్పుడు మోత లేనట్టే. వాగు నీళ్లకు క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగాలి. నీళ్లు మురికిగా ఉంటే ముందు పాత నూలు చీర ముక్కను మడతలు పెట్టి వడకట్టాలి. చీర వడపోతను తక్కువంచనా వేయకండి. బంగ్లాదేశ్ పల్లెల్లో రీటా కోల్వెల్ బృందం ఇలాగే చేయించి, కలరా దాదాపు సగానికి తగ్గిందని 2003లో ప్రకటించింది. కలరా క్రిములు నీటిలోని సన్నని జీవులను అంటిపెట్టుకుని ఉంటాయి, చీర మడతలు ఆ జీవులను పట్టేస్తాయి. అన్ని క్రిములూ అలా ఆగవు, అందుకే తర్వాత మాత్ర.

ఇక చీకటి పడేలోపు చేరతామా అన్న లెక్క. స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో ఒక మొరటు సూత్రం ఇచ్చాడు. ప్రతి 5 కిలోమీటర్లకు గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు అదనంగా ఇంకో గంట. అలిపిరి మీద పరీక్షిద్దాం. 9 కిలోమీటర్లకు గంటా నలభై ఎనిమిది నిమిషాలు. ఎక్కుడు సుమారు 700 మీటర్లనుకుంటే గంటా పది నిమిషాలు. మొత్తం మూడు గంటలు. తిరుమల నడిచి వెళ్లినవాళ్లను అడగండి, మూడు నుంచి నాలుగు అంటారు. తిరుమలకే ఉన్న ఇంకో మెట్ల దారి, శ్రీవారి మెట్టుకు వేద్దాం. 2.1 కిలోమీటర్లకు పాతిక నిమిషాలు. 2,388 మెట్లు, మెట్టుకు అరడుగు చొప్పున 360 మీటర్లు, అంటే 36 నిమిషాలు. గంట. ఇదీ ఇంచుమించు సరిపోతుంది. నూటముప్పై ఏళ్ల కిందటి స్కాట్లండ్ లెక్క ఏడుకొండల మీద నిలిచింది!

కానీ ఇది ఆగకుండా, బలంగా, పెద్దగా బరువు లేకుండా నడిచేవాడి లెక్క. నా గుంపుకి నేను దాన్ని ఒకటిన్నర పెట్టి హెచ్చిస్తాను. మూడు వేల మీటర్లు దాటితే రెండు పెట్టి. దిగుడు తేలికనుకునేవాళ్లకు భూగోళ శాస్త్రవేత్త వాల్డో టాబ్లర్ 1993లో ఇచ్చిన వక్రరేఖ చూపించాలి. దాని ప్రకారం మనిషి అన్నిటికంటే వేగంగా నడిచేది సమతలం మీద కాదు, నూటికి అయిదు మీటర్లు దిగే వాలు మీద, గంటకు 6 కిలోమీటర్లు. వాలు అంతకంటే నిటారైన కొద్దీ వేగం మళ్లీ పడిపోతుంది. నూటికి ఇరవై దిగే చోట మూడున్నర. మోకాళ్లు బ్రేకులు వేసుకుంటూ పోవాలి మరి.

ఎక్కుడెంతో తెలియడానికి పటం కావాలి. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 పటంలో రెండు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. సమాన ఎత్తు గీతలు దగ్గరదగ్గరగా ముడుచుకున్న చోట కొండ నిటారు, ఎడంగా ఉన్న చోట వాలు తక్కువ. ఫోన్లో పటం ముందే దింపుకుని విమానం మోడ్‌లో పెట్టుకోవచ్చు. చలికి బ్యాటరీ చచ్చిపోతుంది కాబట్టి రాత్రి ఫోనును పక్కలో వేసుకుని పడుకోవాలి. అయినా కాగితం పటం బరువు ఎంతని? కుమావూఁ కొండల మనిషి నైన్ సింగ్ 1865లో పటం కోసం దారి కొలవడానికి టిబెట్‌కు బయల్దేరినప్పుడు చేతిలో ఉన్నది జపమాల. 108 పూసలకు బదులు 100. నూరు అడుగులకో పూస జరుపుతూ లాసా దాకా దారి కొలిచాడు. ఎత్తు కొలవడానికి నీళ్లు కాచి, ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతున్నాయో చూసేవాడు.

అటుకులు, కంబళి

నైన్ సింగ్‌కు ఎత్తు చెప్పిన ఆ నీళ్లే మన అన్నం ఉడకనివ్వవు. 300 మీటర్లు ఎక్కినప్పుడల్లా మరుగు స్థానం దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది. కేదార్‌కంఠ శిఖరానికి కాస్త కింద, 3,400 మీటర్ల దగ్గర నీళ్లు 88, 89 డిగ్రీలకే తెర్లుతాయి. ఎంత మంట పెట్టినా అంతకు మించి వేడెక్కవు. బియ్యం గంటసేపు ఉడికినా మధ్యలో పలుకు మిగులుతుంది, గ్యాసు మాత్రం అయిపోతుంది. కుక్కరు మోయడం కంటే, ఇంటి దగ్గరే ఒకసారి ఉడికి ఎండినవి మోయడం తెలివి. అటుకులు సరిగ్గా అవే. వడ్లు నానబెట్టి, వేయించి, దంచి చేస్తారు కాబట్టి గోరువెచ్చని నీళ్లు చాలు. ‘ఇన్‌స్టంట్ ట్రెక్కింగ్ మీల్’ అని రంగుల పొట్లంలో అమ్మేదానికీ దీనికీ శాస్త్రం ఒక్కటే, ధరే వేరు.

తిండిని గ్రాముకెంత శక్తి అని చూడాలి. నూరు గ్రాముల అటుకుల్లో సుమారు 350 కిలోకేలరీలు, బెల్లంలో 380, పల్లీల్లోనూ నువ్వుల్లోనూ 560 పైన, నెయ్యిలో 900 దగ్గర. వండిన అన్నంలో 130 మాత్రమే, మిగతాది నీరు. అందుకే మొదటి పూటకు తప్ప పులిహోర మూట కట్టుకోకూడదు. రెండో రోజు నుంచి సున్నుండలు, నువ్వులుండలు, పల్లీ చిక్కీ. నెయ్యి దండిగా వేసి సున్నుండ చుట్టిన అమ్మమ్మకు శక్తి సాంద్రత అన్న మాట తెలియకపోవచ్చు.

చలి లెక్క ఇంకా సులువు. వెయ్యి మీటర్లు ఎక్కితే సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. ట్రెక్కు మొదలయ్యే సాంక్రి ఊరు సుమారు 1,950 మీటర్లు. అక్కడ రాత్రి 2 డిగ్రీలుంటే, 3,400 మీటర్ల శిబిరంలో మైనస్ 7 అనుకోవచ్చు. గాలి వీస్తే ఇంకా కింద. స్లీపింగ్ బ్యాగు మీద మూడు అంకెలుంటాయి, కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్ అని. దుకాణంవాడు మూడోదాన్ని చూపించి అమ్ముతాడు. అది ప్రాణం నిలబడే అంకె, నిద్రపట్టే అంకె కాదు. మీరు చూడాల్సింది మొదటిదాన్ని. ఏడాదికి ఒక్కసారి వెళ్లేవాళ్లు ఇది కొనకుండా, ట్రెక్కు మొదలయ్యే ఊళ్లో అద్దెకు తీసుకోవడం మేలు.

బ్యాగు ఎంత మంచిదైనా మన ఒంటి కింద నలిగిన భాగంలో గాలి ఉండదు. వెచ్చదనమిచ్చేది దూది కాదు, దూది పట్టి ఉంచిన గాలి. అందుకే వీపు కింద నుంచి నేల వేడిని పీల్చేస్తుంది. అక్కడ ఫోమ్ చాప కావాలి. చాపల నిరోధకతను ‘ఆర్’ అంకెతో కొలుస్తారు, మామూలు ఫోమ్ చాపకు రెండు దరిదాపు. ఈ అంకెలు కూడుకుంటాయన్నది చాలామందికి తెలియని చవక రహస్యం. మంచు మీద పడుకోవాలంటే ఖరీదైన గాలి పరుపు కొననక్కరలేదు, ఒకదాని మీద ఒకటి రెండు ఫోమ్ చాపలు వేసుకుంటే నాలుగవుతుంది.

గాలికంటే నీరు ఇరవై రెట్లకు పైగా వేడిని లాగేస్తుంది. నూలు బట్ట చెమటను పీల్చి ఒంటికి అంటించి ఉంచుతుంది. ఎండాకాలం విజయవాడలో అదే వరం, కొండ మీద అదే శాపం. నా రెండు జీన్సు ప్యాంట్లూ మొదటి రోజే తడిసి, గడ్డకట్టి, గుడారం బయట నిటారుగా నిలబడ్డాయి. ఒంటికి ఆనుకుని పాలిస్టర్ బనియను, పైన ఫ్లీసో ఉన్నో, అన్నిటికీ పైన గాలి చొరని పలచని పొర. ఉన్ని తన బరువులో మూడో వంతుకు దగ్గరగా తేమను లోపల దాచుకుని కూడా చల్లబడనివ్వదు. వానలో గొంగడి కప్పుకుని మంద వెంట నిలబడే మన గొర్రెలకాపరి దీనికి సాక్షి. గొంగడి మాత్రం మోయలేం, బరువు. అదే కాపరి ఈ మధ్య యూరియా సంచిని ఒక మూల లోపలికి తోసి తలమీదుగా వేసుకుంటున్నాడు. గేట్‌వుడ్ అమ్మమ్మ కర్టెనుకు ఇది చెల్లెలు. మన సంచికి కూడా పైన వానతొడుగు కొనడం కంటే లోపల ఒక పెద్ద ప్లాస్టిక్ కవరు వేసి, అందులో బట్టలు సర్దితే తడవవు.

ఒక జాగ్రత్త ఏ సంచీ తీర్చలేదు. మూడు వేల మీటర్లు దాటాక నిద్రపోయే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు. తలనొప్పి, వికారం మొదలైతే ఇంకెక్కకూడదు, తగ్గకపోతే దిగాలి. సెలవులు చాలవని ఒక మజిలీ ఎగరగొట్టేవాళ్లు సంచిలో ఏం మోసినా లాభం లేదు.

డబ్బు సంగతి. నా మొదటి నాలుగు కిలోలు ఉచితంగా పోయాయి. ఇంట్లో పెట్టేసి వెళ్లిన వస్తువులవి. తర్వాతి రెండు కిలోలు కొన్ని వందల రూపాయలకు పోయాయి. సీసాలు, ఫోమ్ చాప, పాలిస్టర్ బనియన్లు. ఆపైన ప్రతి వంద గ్రాములకూ వేలు పోయాలి, అక్కడ నేను ఆగిపోయాను. కొన్న వాటిలో బాగా పనికొచ్చింది వంటింటి ఎలక్ట్రానిక్ తూకం. ప్రతి వస్తువునూ తూచి చీటీ రాసి, తిరిగొచ్చాక వాడనిదాని పక్కన సున్నా చుడతాను. రెండు సున్నాలు పడిన వస్తువు మూడోసారి రాదు. మందుల పొట్లానికీ టార్చికీ ఈ నియమం లేదు. అవి వాడకపోవడమే మంచిది.

మొన్న శివరాత్రికి ఆత్మకూరు వైపు నుంచి నల్లమల నడిచాను. పులుల అభయారణ్యం కాబట్టి అటవీశాఖ తెరిచిన రోజుల్లోనే, వాళ్లు చూపిన బాటలోనే. చలి లేదు, స్లీపింగ్ బ్యాగు వద్దు, దుప్పటి చాలు. దారంతా అన్నదానాలు, వంట సామాను వద్దు. నీళ్లతో కలిపి నా సంచి నాలుగు కిలోలు. ఓ రాయచూరు పెద్దాయన మా ముందు నడుస్తున్నాడు, భుజాన ఒక గుడ్డ మూట, చేతిలో ఖాళీ సీసా. పెద్దచెరువు దాటాక కూడా అందులో నీళ్లు పోయలేదు. నాకు భయమేసి నా సీసా ఇవ్వబోతే చెయ్యి అడ్డంపెట్టాడు. లోయలోకి మెట్లు దిగి భీముని కొలను చేరాక, గట్టున కూర్చుని, తువ్వాలుతో వడగట్టుకుని, తీరిగ్గా కడుపునిండా తాగాడు. అప్పుడు సీసా సగం దాకా నింపి, మూత బిగించి, పైన కైలాసద్వారం వైపు ఒకసారి చూశాడు. ఇంకాస్త ఆలోచించి, అందులోంచి ఓ గుక్క ఒలకబోసి ఎక్కడం మొదలుపెట్టాడు.